నైట్ డ్యూటీల గురించి సుధకు

గుంటూరు

చిరంజీవి సుధకు,

మొన్న నీ ఫోను, ఆ వెనకాలే మీ అమ్మ ఫోను వచ్చాయి. ఇద్దరిదీ ఒకటే గోల. నైట్ డ్యూటీ చేస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని మీ హాస్టల్ గ్రూపులో ఎవరో పెట్టారట. రోజూ క్యాన్సర్ వార్డులో నర్సుగా తిరిగేదానివి, అది చదివి బెంబేలు పడ్డావంటే ఆశ్చర్యం లేదు. మీ అమ్మ అయితే ఏకంగా ఉద్యోగం మానిపించేస్తానంది. ఇలాంటివి ఫోన్లో కూరల ధరల మధ్య చెబితే చెవికెక్కవు. అందుకే రాస్తున్నాను. ఆఫ్ ఉన్న రోజు తీరిగ్గా చదువుకో. రాజీనామా మాట ఆ తర్వాత.

ముందుగా, ఆ వార్త పుకారేమీ కాదు. ఫ్రాన్సులోని లియోన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. ఏ పదార్థం, ఏ అలవాటు, ఏ పని క్యాన్సర్‌కు దారితీస్తుందో ఆధారాలన్నీ ముందేసుకుని తరగతులుగా విడదీయడం దాని పని. 2007లో వాళ్లు ఒంటి గడియారాన్ని తారుమారు చేసే షిఫ్టు పనిని 2ఏ అనే తరగతిలో చేర్చారు. 'బహుశా క్యాన్సర్ కారకం' అన్నమాట. 2019లో 16 దేశాల నుంచి 27 మంది శాస్త్రవేత్తలు మళ్లీ కూర్చుని, మధ్యలో వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, రాత్రి షిఫ్టును అక్కడే ఉంచారు.

మీ గ్రూపువాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆ తరగతులను బట్టి ఆధారం ఎంత గట్టిదో తెలుస్తుంది గానీ ముప్పు ఎంత పెద్దదో తెలియదు. పొగాకూ మద్యమూ ఒకటో తరగతిలో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే మీ నాన్న సంచీ పట్టుకెళ్లి తెచ్చే మటన్ 2ఏలోనే, నీ నైట్ డ్యూటీ పక్కనే ఉంది. మీ అమ్మ దాన్ని మానిపించిందేమో కనుక్కుని రాయి.

అసలు రాత్రి పనికీ క్యాన్సర్‌కూ ముడి ఎక్కడ పడింది? ఫస్టియర్ ఫిజియాలజీలో ఒంటి గడియారాన్ని రెండు పేజీల్లో ముగించేస్తారు కాబట్టి కాస్త వెనక్కి వెళతాను. తాతగారి ఊళ్లో చెరువుగట్టు మీది చింతచెట్లు చూశావుగా, పొద్దుగూకేసరికి ఆకు ముడిచేస్తాయి. చింతాకు ఇలా ముడుచుకోవడాన్ని రాతలో పెట్టిన తొలి మనిషిగా ఆండ్రోస్థెనీస్ పేరు చెబుతారు. అలెగ్జాండర్ నౌకాదళంలో అధికారి. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో, ఇప్పటి బహ్రెయిన్ దీవిలో చూశాడు. వెలుతురు పోయింది కాబట్టి ముడుచుకుందని ఎవరైనా అనుకుంటారు. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. ఎండ సోకకపోయినా ఆకులు పగటివేళకు విచ్చుకుంటూ, రాత్రివేళకు ముడుచుకుంటూనే ఉన్నాయి. అంటే లెక్క ఏదో మొక్క లోపలే నడుస్తోంది.

ఆ లెక్క ఎక్కడ రాసి ఉందో తెలియడానికి ఇంకో రెండు వందల నలభై ఏళ్లు పట్టింది. 1971లో కాలిఫోర్నియాలో రోనాల్డ్ కొనోప్కా అనే విద్యార్థి, ఆయన గురువు సీమోర్ బెంజర్ కలిసి అరటిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగల్లో మూడు వింత రకాలను పట్టుకున్నారు. ఒకదాని రోజు 19 గంటలు, ఇంకోదాని రోజు 28 గంటలు, మూడోదానికి రాత్రీ పగలూ తేడాయే లేదు. మూడింటిలోనూ చెడింది ఒకే జన్యువు. దానికి పీరియడ్ అని పేరుపెట్టారు. 1984లో ఆ జన్యువును విడదీసి, తర్వాత అది ఎలా పనిచేస్తుందో విప్పిచెప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. పద్ధతి విను. ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ కణంలో గంటగంటకూ పోగవుతుంది. తగినంత పోగయ్యాక కేంద్రకంలోకి పోయి, తనను పుట్టించిన జన్యువు నోరే మూయిస్తుంది. తయారీ ఆగాక ఉన్నది కొద్దికొద్దిగా తరిగిపోతుంది. పూర్తిగా తరిగాక జన్యువు మళ్లీ మొదలెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి ఒక రోజు పడుతుంది. మనుషుల్లో ఇంకొన్ని జన్యువులు వచ్చి కలుస్తాయి గానీ పద్ధతి ఇదే.

ఇది ఒక్క మెదడులో జరిగే పని కాదు. కాలేయం, పేగు, చర్మం, రొమ్ము, ఎక్కడి కణంలో అక్కడ ఓ గడియారం ఉంది. వాటన్నిటికీ పెద్ద, మెదడులో రెండు కంటినరాలు కలిసే చోటికి కాస్త పైన ఉన్న ఓ చిన్న గుంపు. సుమారు 20,000 కణాలు. పూర్వం రైలు స్టేషనున్న ఊళ్లో మెయిల్ కూతను బట్టి ఇళ్లల్లో గడియారాలు దిద్దుకున్నట్టు, ఒంట్లో గడియారాలన్నీ ఆ గుంపును బట్టి దిద్దుకుంటాయి. ఆ గుంపు మాత్రం కంట్లో పడే వెలుతురును బట్టి దిద్దుకుంటుంది. ఎందుకు దిద్దుకోవాలంటే, మన సొంత గడియారం కచ్చితంగా 24 గంటలది కాదు. 1999లో హార్వర్డ్ పరిశోధకులు కొలిస్తే సగటున 24 గంటల 11 నిమిషాలు తేలింది. మిగిలిన ఆ కాస్తను రోజూ పొద్దుటి వెలుగు కోసేస్తుంది. ఈ 11 నిమిషాలను గుర్తుపెట్టుకో, డ్యూటీ లిస్టు దగ్గర మళ్లీ పనిపడుతుంది.

కణం ఎప్పుడు రెండుగా చీలాలి, చెడిన డీఎన్‌ఏను ఎప్పుడు బాగుచేసుకోవాలి అన్నవి కూడా ఈ గడియారం చెప్పుచేతల్లోనే ఉంటాయి. ముడి పడింది ఇక్కడే. నార్త్ కరోలినాలో అజీజ్ సాంకార్ అనే ఆయన ఉన్నారు. 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్నది డీఎన్‌ఏ మరమ్మతు మీద పనికే. ఆయన ప్రయోగశాలలో శోభన్ గడ్డమీది (ఇంటిపేరు వినగానే మనవాళ్లేననిపిస్తుంది కదూ) 2011లో ఒక పని చేసి చూపించాడు. కొన్ని ఎలుకల చర్మం మీద తెల్లవారుజామున నాలుగింటికి అతినీలలోహిత కిరణాలు పడేశారు, కొన్నిటి మీద సాయంత్రం నాలుగింటికి. కిరణాలవే, మోతాదూ అదే. పొద్దుటి ఎలుకల్లో చర్మ క్యాన్సర్లు అయిదింతలు ఎక్కువ వచ్చాయి. ఆ వేళకు వాటి మరమ్మతు మందగించి ఉంటుంది, కణాలేమో డీఎన్‌ఏను జోరుగా నకలు తీసుకుంటూ ఉంటాయి. చెడిన చోటును బాగుచేయకుండానే నకలు తీస్తే తప్పు అచ్చుపడిపోతుంది. ఎలుకలు రాత్రి తిరిగేవి కాబట్టి ఆ వేళల్ని మనకు అంటించుకోకు. ఒకే దెబ్బ, వేళను బట్టి వేరే ఫలితం ఇస్తుందన్నదే అందులో పట్టుకోవలసింది.

తర్వాత గడ్డమీది వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఉండగా, బాల కొరిటాలతోనూ మరికొందరితోనూ కలిసి, ఈ ప్రశ్నను మనుషుల దగ్గరికి తెచ్చాడు. 2021లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న 14 మందిని ల్యాబులో ఉంచి, సగం మందికి మూడు రోజులు పగటి షిఫ్టు, సగం మందికి మూడు రోజులు రాత్రి షిఫ్టు నడిపించారు. ఆ తర్వాత అందరినీ ఒకే రకం వెలుతురులో 24 గంటలు మెలకువగా ఉంచి వరసగా రక్తం తీశారు. రాత్రి షిఫ్టువాళ్ల తెల్లకణాల్లో డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు తమ వేళలు తప్పాయి, డీఎన్‌ఏ దెబ్బలూ పగటివాళ్లకన్నా ఎక్కువ కనిపించాయి. పద్నాలుగు మందిని చూసి లోకం సంగతి తేల్చలేం. అయినా మూడే మూడు రాత్రులకు అంత తేడా కనిపించడం నాకైతే కొట్టిపారేయదగ్గ విషయంగా అనిపించలేదు.

రెండో దారి మెలటోనిన్. చీకటి పడ్డాక ఊరి, వెలుతురు తగిలితే ఆగిపోయే హార్మోను. కరెంటు దీపాలు పెరిగిన దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ కావడానికి రాత్రి వెలుతురే ఓ కారణమేమోనని 1987లో రిచర్డ్ స్టీవెన్స్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. 2005లో డేవిడ్ బ్లాస్క్ బృందం దాన్ని విచిత్రంగా పరీక్షించింది. మనిషి రొమ్ము క్యాన్సర్ గడ్డల్ని ఎలుకల్లో పెంచి, వాటి గుండా ఆడవాళ్ల రక్తం పారించారు. రాత్రి చీకట్లో తీసిన రక్తం గడ్డల జోరు తగ్గించింది. అదే ఆడవాళ్లను రాత్రిపూట పెద్ద వెలుతురులో కూర్చోబెట్టాక తీసిన రక్తం ఆ పని చేయలేకపోయింది. ఇది చదివి మందుల షాపులో మెలటోనిన్ బిళ్లలు కొనుక్కుని మింగేవు. అది క్యాన్సర్‌ను ఆపుతుందని మనుషుల్లో ఎవరూ రుజువు చేయలేదు.

ఎలుకల దగ్గర ఇంత ముచ్చటగా నడిచిన కథ మనుషుల దగ్గరకొచ్చేసరికి చిక్కుపడింది. ఈ చిక్కు నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇందులో పాత్రలన్నీ నర్సులే. అమెరికాలో 1976లో లక్షా ఇరవై వేలకు పైగా నర్సులతో ఒక అధ్యయనం మొదలైంది. 1988లో వాళ్లను అడిగారు, మార్నింగ్, ఈవెనింగ్ డ్యూటీలతో పాటు నెలకు కనీసం మూడు నైట్లు చొప్పున ఎన్నేళ్లు చేశారని. 2001లో ఈవా షెర్న్‌హామర్ బృందం లెక్క తీసింది. 30 ఏళ్లు, అంతకు మించి చేసినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ 36 శాతం ఎక్కువ. అంతకన్నా తక్కువ ఏళ్లు చేసినవాళ్లకు తేడా స్వల్పం. 36 శాతం అనగానే నూటికి ముప్ఫయ్యారు మంది అనుకుని జనం హడలిపోతారు. వెయ్యి మందిలో ఇరవై మందికి వచ్చే జబ్బు ఇరవై ఏడు మందికి వస్తే అదీ సుమారు 36 శాతమే.

అక్కడితో ఆగితే కథ సులువే. 2017లో అదే నర్సులను మరిన్నేళ్లు వెంబడించి చూస్తే మొత్తం మీద తేడా కనబడలేదు. వాళ్లలో చాలామంది అప్పటికి రిటైరయి, నైట్లు మానేసి ఏళ్లయింది. 1989లో మొదలుపెట్టిన చిన్న వయసు నర్సుల జట్టులో మాత్రం, చేరేనాటికే 20 ఏళ్లు నైట్లు చేసి ఉన్నవాళ్లకు ముప్పు రెండింతలు దాటింది. అయితే అంత సర్వీసున్న కేసులు అందులో చాలా కొద్ది. ఈ మధ్యలో 2016లో ఇంగ్లండువాళ్లు మూడు పెద్ద అధ్యయనాలు కలిపి, ఇతర దేశాల లెక్కలూ జోడించి, నైట్ షిఫ్టుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం దాదాపు లేదన్నారు. వాళ్ల జట్టు ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లది, నైట్లు ఎప్పుడో మానేసినవాళ్లు అందులో ఎక్కువని ఇంకొందరు పరిశోధకులు ఎదురు చెప్పారు. పైగా నైట్లు చేసేవాళ్లకు బరువు పెరగడం, కాన్పులు ఆలస్యం కావడం లాంటివి తోడుంటాయి. లెక్కలో వాటిని తీసేస్తామంటారు గానీ పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు.

ఇవన్నీ చదివాక నాకు తోచింది రాస్తున్నాను. చిన్న వయసులో మొదలెట్టి, దశాబ్దాల తరబడి, తెరిపి లేకుండా నైట్లు చేసేవాళ్లకు కొంత ముప్పు ఉన్నట్టే ఉంది. నాలుగైదేళ్ల నైట్ డ్యూటీలకు భయపడి ఉద్యోగం వదిలేయాలని మాత్రం ఏ కాగితమూ చెప్పడం లేదు. నువ్వు మానేస్తే ఆ నైట్లు ఇంకో పిల్ల నెత్తిన పడతాయి, అంతే. రోగికి రాత్రిళ్లు సెలవు ఉండదు కదా. కాబట్టి నైట్ డ్యూటీ ఉండాలా వద్దా అన్న వాదన మనకు అక్కర్లేదు. అది ఎలా పంచాలి అన్నదే మన ప్రశ్న.

ఈ చోట పెద్ద సిస్టర్లు చెప్పే ఒక మాట నీకూ వినబడి ఉంటుంది. "మేం చేయలేదా, అలవాటయిపోతుంది" అని. అలవాటు కాదమ్మా. నైట్లే చేస్తామని కోరి తీసుకున్నవాళ్ల మెలటోనిన్ కొలిచి చూస్తే, గడియారం పూర్తిగా రాత్రి పనికి సర్దుకున్నవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. కారణం తెలిసిందే. డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారిలో ఎండ మొహాన కొడుతుంది, ఆఫ్ రోజున పిల్లలతో, బంధువులతో పగటి మనిషిగా బతకాల్సి వస్తుంది. ఒంటి గడియారం పట్టుదలకు లొంగదు, వెలుతురుకు లొంగుతుంది. కాబట్టి నిద్ర పట్టకపోవడం నీ చేతకానితనమని ఎవరన్నా అంటే పట్టించుకోకు. అసలు మందు డ్యూటీ లిస్టు రాసే చేతిలో ఉంది.

లిస్టు సంగతే కాస్త వివరంగా రాస్తాను. నేను పనిచేసిన ఒక చోట నైట్లు వేస్తే నెలకు నెల వేసేవాళ్లు, ఒకేసారి వదిలిపోతుందని కొందరు సంతోషించేవాళ్లు కూడా. డెన్మార్క్‌లో జాతీయ పని వాతావరణ పరిశోధనా కేంద్రంవాళ్లు ఉన్న ఆధారాలన్నీ చూసి చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వరసగా మూడు నైట్లు మించొద్దు. ఒక డ్యూటీ దిగడానికీ ఇంకోటి ఎక్కడానికీ మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. ఒక డ్యూటీ 9 గంటలు దాటొద్దు. గర్భిణులకు వారానికి ఒక్క నైట్ మించి వేయొద్దు. మన దగ్గర నైటంటేనే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటలు కదా, ఆ తొమ్మిది గంటల మాట ఇప్పట్లో ఎవరూ వినిపించుకోరు. మూడు నైట్ల మాట, గర్భిణుల మాట మాత్రం మీ ఇంచార్జి సిస్టర్ తలుచుకుంటే రేపటి లిస్టులోనే పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు. అదే డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి నైట్లు చేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన దాదాపు నలభై మంది ఆడవాళ్లకు 2009 నాటికి, వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా పరిహారం కూడా ఇచ్చారు. వాళ్లలోనూ నర్సులున్నారు.

ఇప్పుడు ఆ 11 నిమిషాలు. మన సొంత రోజు 24 గంటలకన్నా కాస్త పొడుగు కాబట్టి, ఆలస్యంగా పడుకోవడం ఒంటికి తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. అందుకని లిస్టు మార్నింగ్ నుంచి ఈవెనింగ్‌కి, అక్కణ్నుంచి నైట్‌కి నడవాలి. నైట్, ఈవెనింగ్, మార్నింగ్ అని వెనక్కి నడిపితే అదే మనుషులు అవే గంటలు చేసినా ఎక్కువ నలిగిపోతారు. చాలా వార్డుల్లో ఎటు నడుస్తోందో ఎవరూ చూసుకోరు. ఇంచార్జి సిస్టర్‌ను నొప్పించకుండా, "మేడమ్, ఒక నెల ఇలా వేసి చూద్దామా" అని అడుగు. ఒక్కదానివే వెళ్లకు, నలుగురితో వెళ్లు.

నీ చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి, కానీ వాటిని నేను పెద్దవి చేయను. దిగాక స్కూటీ మీద రాకు, ఆస్పత్రి బస్సెక్కు. నైట్ చేసిన నర్సుకు ముందు వచ్చే ప్రమాదం క్యాన్సర్ కాదు, రోడ్డు. బస్సులో నల్లకళ్లజోడు పెట్టుకో, ఎవరు నవ్వినా సరే. కిటికీకి మందంగా ఏదైనా కట్టి పడుకో. రాత్రి మూడయ్యాక టీ, కాఫీ మానేయి. రాత్రి రెండింటికి అందరూ డబ్బాలు విప్పి బిర్యానీలు తింటారే, అది తగ్గించుకో. 2021లో హార్వర్డ్‌వాళ్లు 19 మందితో రాత్రి షిఫ్టు నడిపిస్తే, రాత్రి తిన్నవాళ్లకు రక్తంలో చక్కెర పెరిగింది, తిండి పగటివేళకే ఉంచుకున్నవాళ్లకు పెరగలేదు. డ్యూటీ ఎక్కేముందు తిను, పొద్దున దిగాక తిను. మధ్యలో ఆకలైతే మజ్జిగో పండో చాలు.

మీ అన్నయ్యకూ ఈ ఉత్తరం చూపించు. గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా వేళల్లో పనిచేస్తూ, ఆఫ్ రోజున కూడా తెల్లారేదాకా ఫోను చూస్తుంటాడు. నర్సుకైతే తప్పదు, వాడికేం తప్పదో నాకు అర్థం కాదు.

ఇక వార్డు. గడియారం కథ మందుల వైపు కూడా సాగింది కాబట్టి రోగుల బంధువులు ఏదో చదివొచ్చి నిన్ను అడుగుతారు, కీమో ఏ వేళ ఎక్కిస్తే మంచిదని. పారిస్ దగ్గర ఫ్రాన్సిస్ లెవీ అనే డాక్టరు జీవితమంతా ఈ ప్రశ్న మీదే గడిపారు. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు మందును రోజంతా ఒకే ధారగా ఇవ్వడానికి బదులు, ఒంటి వేళల్ని బట్టి పంపుతో పెంచుతూ తగ్గిస్తూ ఇచ్చి, 1997లో ఫలితాలు చెప్పారు. మామూలు పద్ధతిలో 29 శాతం మందికి గడ్డ తగ్గితే, ఈ పద్ధతిలో 51 శాతం మందికి తగ్గింది. నోటిపూత బాగా తగ్గింది. నోటిపూతతో అన్నం మింగలేక ఏడ్చేవాళ్లను చూశావు కాబట్టి దాని విలువ నీకు తెలుసు. అందరూ ఎగిరి గంతేశారు. 2006లో ఇంకా పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది, మొత్తం మీద ఆయుష్షులో తేడా లేదు. విడదీసి చూస్తే మగవాళ్లకు మేలు చేసింది, ఆడవాళ్లకు కీడు చేసింది. ఆడవాళ్ల గడియారం, మగవాళ్ల గడియారం ఒకే వేళకు ఒకేలా ఉండకపోవచ్చన్నమాట. ఇమ్యునోథెరపీ విషయంలో ఇప్పుడు అలాంటి సందడే నడుస్తోంది. అట్లాంటాలో పాత కేసు షీట్లు తిరగేస్తే, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎక్కువసార్లు మందెక్కించుకున్న మెలనోమా రోగులు తక్కువ కాలం బతికినట్టు కనబడింది. పాత షీట్లు చూసి తేల్చింది కాబట్టి, సాయంత్రం వచ్చేవాళ్లు ఎందుకు సాయంత్రం వచ్చారో కూడా అడగాలి. ఎవరైనా వేళ గురించి అడిగితే డాక్టరు రాసిన వేళకే ఇస్తామని చెప్పు. అంతకుమించి ఆశ పెట్టకు, భయమూ పెట్టకు.

ఇంకొకటి నీదాకా వచ్చే ఉంటుంది. 2022లో స్విట్జర్లండులో నికోలా అచెటో బృందం 30 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు తెల్లవారుజామున నాలుగింటికీ, పొద్దున పదింటికీ రక్తం తీసి చూసింది. గడ్డ నుంచి విడివడి రక్తంలో తిరిగే కణాల్లో మూడొంతులకు పైగా నిద్ర వేళ తీసిన నమూనాల్లోనే దొరికాయి. దీన్ని పట్టుకుని నిద్ర మంచిది కాదని చెప్పే ప్రబుద్ధులు బయల్దేరారు. ఆ పరిశోధకులు అలా అనలేదు. రక్తం ఏ వేళ తీశారో రాసుకోకపోతే పరీక్ష తప్పుదారి పట్టొచ్చన్నది అందులో మనకు పనికొచ్చే ముక్క. నువ్వు రక్తం తీసినప్పుడల్లా వేళ రాయి, ఉజ్జాయింపుగా కాదు, గడియారం చూసి.

రోగి గడియారం కూడా నీ చేతిలోనే ఉంటుంది రాత్రిపూట. ఒంటిగంటకు బీపీ, రెండింటికి యాంటీబయోటిక్, మూడింటికి సెలైన్ మార్పు అని మూడుసార్లు లేపకుండా, కుదిరినవన్నీ ఒకేసారి ముగించు. పెద్ద లైటు వేయకు, టార్చి చాలు. డెక్సా స్టెరాయిడ్ బిళ్లలు డాక్టరు పొద్దున్నే అని రాస్తే పొద్దున్నే ఇవ్వు, రాత్రికి జరిపావంటే వాళ్లకు ఆ రాత్రి కంటిమీద కునుకుండదు. పగలు కర్టెన్లు తీసి మంచం మీద వెలుతురు పడనివ్వు. వీటివల్ల క్యాన్సర్ తగ్గుతుందని నేననడం లేదు. మనిషి కాస్త ఎక్కువ నిద్రపోతాడు.

మీ వార్డులో మిల్లుల్లోనో ఆస్పత్రుల్లోనో నైట్లు చేసి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు నిన్ను అడుగుతారు, "సిస్టర్, ఆ నైట్ డ్యూటీల వల్లేనా నాకిలా అయింది" అని. అవునని చెప్పకు, కాదనీ చెప్పకు. ఒక్క మనిషికి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరని చెప్పు, అది నిజం కూడా. అన్నం కోసం చేసిన పనిని ఆ మంచం మీద పడుకుని తప్పుగా లెక్కేసుకోనివ్వకు.

మీ అమ్మ సంగతి. ఆవిడ ఏనాడూ నైట్ డ్యూటీ చేయలేదు, కానీ యాభై దాటింది, రొమ్ము పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోలేదు. నీ గురించి కంగారుపడే బదులు ఆవిడ గురించి నువ్వు కంగారుపడాలి. ముంబయి టాటా మెమోరియల్‌వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లు వెంబడించారు. మెషీన్లు లేవు, తర్ఫీదు ఇచ్చిన ఆడవాళ్లు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించడమే. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ముప్ఫై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ఈ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో కూడా ఉంది. వచ్చే నెల నీకు వరసగా రెండు ఆఫ్‌లు పడే వారం చూసి ఊరికి రా, మీ అమ్మను నేనే బయల్దేరదీస్తాను. సిగ్గు, భయం, "నాకేం లేదు" అన్నీ మొదలెడుతుంది. నువ్వుంటే ఆ మాటలు సాగవు. ఏ తేదీకి వస్తావో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ